రాగి కుండ, చెక్క పీపా, అబ్కారీ ఇన్‌స్పెక్టరు

ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చే ప్రతి సాఫ్ట్‌వేర్ ప్రాణి చేతిలోనూ డ్యూటీ ఫ్రీ కవరొకటి వేలాడుతూ ఉంటుంది. అందులో ఓ సింగిల్ మాల్ట్ సీసా. దాని మీద ‘షెర్రీ కాస్క్’ అని రాసుంటే ధర ఇంకో మెట్టు ఎక్కువ. శనివారం రాత్రి మేడ మీద చేరిన నలుగురిలో ఎవడో ఒకడు తప్పకుండా అడుగుతాడు, "ఒరే, ఇందులో షెర్రీ కలుపుతారా ఏంటి?" అని. తెచ్చినవాడికీ తెలీదు, తాగేవాడికీ తెలీదు. ధర తెలుసు కాబట్టి అందరూ తలూపుతారు.

కలపరు. ఆ జవాబు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకోవచ్చు. కానీ దాని వెనకున్న చరిత్ర చదువుతూ పోతే నాకు తోచిందేమిటంటే, స్కాచ్ రుచి గురించి రాసేవాళ్ళంతా రెండు చేతుల గురించే చెప్తారు: రాగి పాత్ర, చెక్క పీపా. మూడో చెయ్యి ఒకటుంది. అది పన్నులు వసూలు చేసేవాడిది. ఆ మూడో చెయ్యి స్కాట్లండులో ఒక రకంగానూ, మన విశాఖ మన్యంలో ఇంకో రకంగానూ పడింది. అందుకే వాళ్ళ నాటుసారా ఇవాళ డ్యూటీ ఫ్రీ అద్దాల వెనక కూర్చుంది, మనది కేసు షీట్లలోకెక్కింది. ఈ టపా దాని గురించి.

ముందు ముడిసరుకు సంగతి. ఏ సారాకైనా కావల్సింది తీపి, నీళ్ళు, పులుపెక్కించే ఈస్టు. అంతే. విశాఖలో పూర్ణా మార్కెట్లో కిరాణా కొట్ల వరస వెంట ఒక్కసారి నడిస్తే ఇందులో తీపి అన్ని రూపాల్లోనూ కనిపిస్తుంది. అనకాపల్లి బెల్లం దిమ్మలు, పంచదార బస్తాలు, ఖర్జూరం, ఎండుద్రాక్ష. పిండిపదార్థం నుంచి తీపి తియ్యాలంటే బియ్యం, రాగులు, జొన్నలు ఉండనే ఉన్నాయి. అందులో తేలిక దారి బెల్లం. నీళ్ళలో కరిగిస్తే చాలు, నాలుగు రోజుల్లో పులుస్తుంది. పేపర్లో ‘వెయ్యి లీటర్ల బెల్లం ఊట ధ్వంసం’ అని చదువుతుంటాం కదా, ఆ ఊట ఇదే. రంగు తగ్గిన నల్లబెల్లం చవక కాబట్టి బట్టీవాళ్ళకి అదే కావాలి. దాన్నీ పటికనీ పెద్ద మొత్తంలో కొనబోతే కొట్టువాడు కళ్ళద్దాల మీంచి చూసి "అంతెందుకు బాబూ?" అంటాడు. ఎక్సైజువాళ్ళ భయం వాడిది.

స్కాట్లండువాళ్ళకి చెరకు లేదు, ఇప్పచెట్టూ లేదు. వాళ్ళకున్నది బార్లీ. గింజని నానబెట్టి, మొలకెత్తించి, మొలక పెద్దదవకముందే ఆరబెడతారు. మన ఇళ్ళల్లో పసిపిల్లలకి రాగి మాల్టు చేసే పద్ధతే. మొలకెత్తేటప్పుడు గింజలో పుట్టే ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆరబెట్టడానికి పీట్ అనే మట్టి ఇంధనం కాలిస్తే ఆ పొగవాసన పడుతుంది. తర్వాత వేడినీళ్ళలో ఆ తీపి దింపి, ఈస్టు వేసి రెండు మూడు రోజులు పులియబెడతారు. వచ్చేది సుమారు 8 శాతం ఆల్కహాలున్న ఒక రకం బీరు. ఇక్కడిదాకా మనకీ వాళ్ళకీ పెద్ద తేడా లేదు.

ఇప్పుడు బట్టీ. ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది, నీళ్ళు 100 దగ్గర. కాబట్టి కాస్తే ముందు వచ్చే ఆవిరిలో ఆల్కహాలు పాలు ఎక్కువ. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే సారా. మన బట్టీలో కింద కుండలో ఊట, దాని మీద ఇంకో కుండ, ఆ పైన చన్నీళ్ళ పాత్ర. ఆవిరి చల్లటి అడుగుకి తగిలి చుక్కలుగా కారి, గొట్టంలోంచి బయటికొస్తుంది. పాత్ర వేడెక్కగానే నీళ్ళు మార్చాలి. స్కాట్లండు పాట్ స్టిల్ సూత్రం కూడా అక్షరాలా ఇంతే. కుండ బదులు రాగి పాత్ర, పైన హంస మెడలాంటి గొట్టం, చివర చన్నీళ్ళ తొట్టెలో చుట్టలు చుట్టిన రాగి తీగలాంటి పైపు. కొన్ని డిస్టిలరీల్లో ఆ తొట్టెలు ఇప్పటికీ ఉన్నాయి.

మరి తేడా ఎక్కడ? మూడు చోట్ల.

మొదటిది రాగి. మన వంటింట్లో రాగి, ఇత్తడి గిన్నెలకి కళాయి పూయించేవాళ్ళు. పూయకపోతే పులుసు చిలుమెక్కి పాడవుతుంది. పులుసుకి హాని చేసే ఆ చురుకే విస్కీకి మేలు చేస్తుంది. పులిసిన ద్రవంలో గంధకం సమ్మేళనాలుంటాయి, కుళ్ళిన కూరగాయల వాసన వాటిది. ఆవిరి రాగిని ఎంతసేపు రాసుకుంటే అవి అంత తగ్గుతాయి. అంటే పాత్ర ఆకారమే ఒక ఫిల్టరు. గ్లెన్‌మోరంజీవాళ్ళ పాత్రల మెడలు ఐదు మీటర్ల పైచిలుకు. బరువైన ఆవిరి అంత ఎత్తుకి ఎక్కలేక మధ్యలోనే చల్లబడి వెనక్కి జారిపోతుంది. చివరిదాకా ఎక్కేది తేలికైనది, పూలవాసన వేసేది. మెకాలన్‌వాళ్ళవి పొట్టి పాత్రలు. బరువైన, నూనెలాంటి సరుకు కూడా దాటేస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, షెర్రీ దగ్గర పనికొస్తుంది.

రెండోది, రెండుసార్లు కాయడం. మొదటి కాపుతో 8 శాతం కాస్తా 20-25 అవుతుంది. రెండో కాపుతో 70 దాకా వస్తుంది. ఐర్లండులో మూడుసార్లు కాయడం ఎక్కువ, స్కాట్లండులో ఆఖెన్‌టోషన్‌లాంటి ఒకటీ అరా. ఎన్నిసార్లు కాస్తే అంత శుభ్రం, అంత తేలిక. దాంతోబాటు అంత రుచి కూడా పోతుంది.

మూడోదే అన్నిటికన్నా ముఖ్యం, కోత. రెండో కాపులో మొదట వచ్చేది తల. ఘాటు వాసన, కళ్ళు మంటెక్కిస్తుంది. తర్వాతది నడుము. చివర్లో వచ్చేది తోక, తడిసిన గోనెసంచి వాసన. నడుము మాత్రం పీపాలోకి పోతుంది. తలా తోకా మళ్ళీ తర్వాతి కాపులో కలుపుతారు. ఎక్కడ కొయ్యాలన్నది డిస్టిలరీ రహస్యం. మన బట్టీలవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. కానీ పోలీసు విజిలు ఎప్పుడు వినపడుతుందో తెలియనివాడు చుక్క పారబోస్తాడా? తలా నడుమూ తోకా అన్నీ ఒకే క్యానులోకి పోతాయి. దొంగచాటు పని మొదట దెబ్బ కొట్టేది ఈ కోతని. (అన్నట్టు, కల్తీసారా చావుల్లో ఎక్కువ భాగం బెల్లం ఊట వల్ల కాదు, పరిశ్రమల్లో వాడే మిథనాలు కలపడం వల్ల. బెల్లం పులిస్తే పుట్టే మిథనాలు బహు తక్కువ.)

ఇంతా చేసి రాగి పాత్రలోంచి వచ్చే సరుకు ఎలా ఉంటుంది? నీళ్ళలా తెల్లగా. అంటే 1800 ప్రాంతంలో ఒక స్కాట్లండు రైతు తాగిన విస్కీ మన నాటుసారాకి దూరపు చుట్టం కూడా కాదు, తోబుట్టువే. ఆ బంగారు రంగు, ఎండుద్రాక్ష వాసన, నాలిక మీద నిలిచే తీపి - ఇవన్నీ చాలావరకు పీపా పెట్టిన భిక్ష.

ఇహ షెర్రీ. స్పెయిన్ దక్షిణాన హెరెస్ అనే ఊరుంది. ఆ పేరునే ఇంగ్లీషువాళ్ళు షెర్రీ అని పలికారు. ద్రాక్షసారాయిలో మరికాస్త ఆల్కహాలు చేర్చి నిలవ చేసే వైను అది. ఇంగ్లండువాళ్ళు దాన్ని శతాబ్దాల పాటు విపరీతంగా తాగారు. సరుకు ఓక్ పీపాల్లో ఓడలెక్కి లండన్, బ్రిస్టల్, లీత్ రేవులకి వచ్చేది. వైను సీసాలకెక్కాక ఖాళీ పీపాని మళ్ళీ స్పెయిన్‌కి పంపడం దండగ ఖర్చు. స్కాట్లండు విస్కీవాడు చవగ్గా కొనుక్కున్నాడు. అంతే, ఇందులో ఏ మహాకళాకారుడి ఆలోచనా లేదు. మన కొట్లలో నూనె డబ్బాలు ఖాళీ అయ్యాక మొక్కల కుండీలైనట్టే. (‘పీపా’ అన్న మన మాట కూడా పోర్చుగీసువాళ్ళు ఓడల్లో తెచ్చిందే. పోర్ట్ వైను నింపే పెద్ద పీపాని వాళ్ళు ‘పిపా’ అనే అంటారు.)

వాడిన పీపా రుచి ఎందుకు మారుస్తుంది? తెలుగువాడికి ఇది చెప్పడం చాలా తేలిక. ఆవకాయ కలిపిన రోజున జాడీకెత్తాక, బేసినుకి అంటుకున్న పిండిలో వేడన్నం కలిపి ముద్దలు చేసి పెట్టే అమ్మమ్మ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆ ముద్దలో మనం ఆవకాయ వెయ్యలేదు, కానీ ఉన్నది ఆవకాయే. షెర్రీ పీపా మొదటి ఉజ్జాయింపులో ఆ బేసిను. 500 లీటర్ల పీపా చెక్కలోకి లీటర్ల కొద్దీ వైను ఇంకి ఉంటుంది. అది మెల్లగా విస్కీలోకి దిగుతుంది.

కానీ ఆ పోలిక సగం దూరమే నడుస్తుంది. రుచిలో పెద్దవాటా వైనుది కాదు, చెక్కది. యూరపు ఓక్‌లో టానిన్లు ఎక్కువ - కరక్కాయ నమిలినట్టుండే వగరు అదే - దాంతో లవంగాల, ఎండుద్రాక్షల వైపు పోతుంది రుచి. అమెరికా ఓక్ అయితే వెనిలా, కొబ్బరి వైపు. చెక్కని నిప్పు మీద కాల్చినప్పుడు లోపలి పదార్థాలు విడిపోయి ఈ వాసనలు పుడతాయి. షెర్రీ చేసే పని కొత్త చెక్కలో ఉన్న పచ్చి వగరుని ముందే పీల్చేసి, పీపాని మచ్చిక చెయ్యడం. దాంతోబాటు పీపా ఊపిరి పీలుస్తుంది. చెక్క రంధ్రాల్లోంచి గాలి లోపలికెళ్తుంది, ఆల్కహాలు, నీళ్ళు బయటికి పోతాయి. పొట్టి పాత్రల్లోంచి వచ్చిన బరువైన సరుకు ఈ వగరుకి తట్టుకుంటుంది, తేలిక సరుకైతే దాని కింద నలిగిపోతుంది. మెకాలన్, గ్లెన్‌ఫార్క్‌లాస్ షెర్రీ పీపాల వైపూ, గ్లెన్‌మోరంజీ ఎక్కువగా అమెరికా బోర్బన్ పీపాల వైపూ పోవడానికి కారణాల్లో ఇదొకటి.

ఇప్పుడు మేడ మీద మిత్రుడికి కాస్త చేదు నిజం. 1980ల్లో స్పెయిన్ షెర్రీని తమ దేశంలోనే సీసాలకెక్కించాలని రూలు పెట్టింది. ఓడల్లో పీపాలు రావడం ఆగిపోయింది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో షెర్రీ తాగేవాళ్ళు తగ్గడం కూడా మొదలైంది. అప్పట్నుంచీ విస్కీ కంపెనీలే ఓక్ కొని, స్పెయిన్‌లో పీపాలు చేయించి, అందులో ఏడాదిన్నరో రెండేళ్ళో షెర్రీ పోయించి, దాన్ని తీయించి, ఖాళీ పీపాని తెప్పించుకుంటున్నాయి. అందులో పోసిన షెర్రీ చాలావరకు సీసాల్లోకెక్కి తాగబడేది కాదు, పీపాని తయారుచెయ్యడానికే పుట్టింది. ఒకప్పుడు వైను ముఖ్యం, పీపా చెత్త. ఇప్పుడు పీపా ముఖ్యం, వైను చెత్త. ఇంకా వెనక్కి వెళ్తే, పాక్సరెట్ అనే చిక్కటి తియ్యటి వైనుని పాత పీపాల్లోకి ఒత్తిడితో ఎక్కించే అడ్డదారి కూడా నడిచింది. 1990 వచ్చేసరికి అది ఆపేశారు. రంగు సంగతి కూడా అంతే, మాడ్చిన చక్కెర రంగు కలపడానికి చట్టం ఇప్పటికీ ఒప్పుకుంటుంది. రంగు చూసి వయసు అంచనా వెయ్యకండి.

సరే, అసలు కథలోకి. మూడో చెయ్యి.

ఖాళీ పీపా చవగ్గా దొరికినంత మాత్రాన ఎవడూ సరుకుని పదేళ్ళు అందులో ఉంచడు. ఉంచాలంటే వాడికి పదేళ్ళ భద్రత ఉండాలి. అదెలా వచ్చిందో చూద్దాం.

1780ల్లో స్కాట్లండు దక్షిణ మైదానంలో ప్రభుత్వం పన్నుని సారా మీద కాకుండా పాత్ర సైజు మీద వేసింది. పాత్ర ఇన్ని గ్యాలన్లు పడుతుందా, ఏడాదికి ఇంత కట్టు. ఒక సైజు పాత్ర ఏడాదికి ఎంత కాస్తుందో అధికారులు లెక్క కట్టారు. మనకి తెలిసిన రోగమే ఇది. టీమ్ పనితీరుని లైన్ల లెక్కన కొలిస్తే లైన్లు పెరుగుతాయి. డిస్టిలరీవాళ్ళు పాత్ర అడుగుని పళ్ళెంలా వెడల్పు చేసి, లోతు తగ్గించి, గంటల పనిని నిమిషాల్లోకి దించారు. ఏడాదికి ఇన్నిసార్లు కాస్తారనుకున్న ప్రభుత్వ లెక్క గాలికిపోయింది. ప్రభుత్వం పన్ను పెంచింది, వాళ్ళు పాత్ర ఇంకా పల్చన చేశారు. కోత లేదు, రాగి తగిలే సమయం లేదు, మాడు వాసన. ఆ సరుకు చాలాభాగం ఇంగ్లండు వెళ్ళి మళ్ళీ కాచబడి జిన్ను అయ్యేది. అదే సమయంలో ఉత్తరాన కొండల్లో పన్నెగ్గొట్టి చిన్న పాత్రల్లో మెల్లగా కాచే దొంగసారాకి మంచి పేరొచ్చింది. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరా వచ్చి, దొంగసారాగా పేరుపడ్డ గ్లెన్‌లివెట్ అడిగి మరీ తాగాడని ప్రసిద్ధి. రాజుగారే తన చట్టాన్ని తాగేశాడన్నమాట!

1823లో కొత్త ఎక్సైజు చట్టం వచ్చింది. ఏడాదికి 10 పౌండ్లు లైసెన్సు ఫీజు, గ్యాలనుకి ఇంతని తగ్గించిన పన్ను. కొండల్లో చిన్నవాడు కూడా పాత్రతో సహా చట్టంలోకి నడిచి రావచ్చు. గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ 1824లో లైసెన్సు తీసుకున్నాడు. చుట్టుపక్కల దొంగసారావాళ్ళు చంపుతామంటే పిస్తోళ్ళు పెట్టుకు తిరిగాడు. పదేళ్ళు తిరక్కుండా ఏడాదికి వేలల్లో ఉండే దొంగబట్టీ కేసులు వందల్లోకి పడిపోయాయి. దీనికి తోడు బాండెడ్ గోడౌను పద్ధతి వచ్చింది. పీపా గోడౌనులో ఉన్నంతకాలం పన్ను కట్టక్కర్లేదు, బయటికి తీసిన రోజునే కట్టాలి. షెర్రీ పీపాకి ప్రాణం పోసింది ఈ ఒక్క వాక్యం. కాచిన రోజే పన్ను కట్టమంటే ఎవడు పన్నెండేళ్ళు ఆగుతాడు?

మరి మూడేళ్ళు నిలవ తప్పనిసరి అన్న రూలు ఎవరు పెట్టారు? రుచి తెలిసిన రసికులు కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో కూలీలు తాగి ఆయుధాల ఫ్యాక్టరీల పని పాడుచేస్తున్నారని మంత్రి లాయిడ్ జార్జి మద్యం మీద మండిపడ్డాడు. నిషేధం దాకా వెళ్ళేవాడే. జానీ వాకర్ కంపెనీ జేమ్స్ స్టీవెన్‌సన్ మధ్యే మార్గం సూచించాడని చెప్తారు: పచ్చి సారా అమ్మకం ఆపండి, నిలవ చేసిందే అమ్మనివ్వండి. 1915లో చట్టం వచ్చింది. మొదట రెండేళ్ళు, మరుసటేడు మూడు. తాగుడు తగ్గించడానికి పెట్టిన కట్టడి నాణ్యతకి గుర్తు అయి కూర్చుంది. ఇవాళ్టి 2009 నిబంధనల్లో కూడా అదే: ఓక్ పీపా, 700 లీటర్లు మించకూడదు, స్కాట్లండులోనే కనీసం మూడేళ్ళు, సీసాలో 40 శాతానికి తగ్గకూడదు. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతో, పాట్ స్టిల్‌లో కాస్తేనే సింగిల్ మాల్ట్.

ఇప్పుడు ఇదే శతాబ్దంలో మన వైపు ఏం జరిగిందో చూడండి.

విశాఖ, గోదావరి మన్యంలో జీలుగు కల్లు, తాటికల్లు, ఇప్పసారా ఇంటి పంటలు. చైత్రమాసం చుట్టుపక్కల తెల్లవారుజామున చెట్టుకింద రాలే ఇప్పపువ్వు ఎండబెడితే ఎండుద్రాక్షలా ఉంటుంది. తిండికీ అదే, తాగడానికీ అదే. 1870ల్లో మద్రాసు ప్రభుత్వం కొత్త అబ్కారీ నిబంధనలతో ఇంటి అవసరానికి కూడా కల్లు గీయడానికి వీల్లేదంది, వసూలు హక్కుని కాంట్రాక్టర్లకి వేలం వేసింది. (అబ్కారీ అంటే పారశీకంలో నీటిపని అని. ఎంత అమాయకమైన పేరో!) రంపలో మన్సబ్‌దారు ‘చిగురు పన్ను’ పేరుతో అప్పటికే పిండుతున్నాడు. 1879లో తిరుగుబాటు లేచింది. అల్లూరి సీతారామరాజు కథ మనందరికీ తెలుసు, దానికి నలభై ఏళ్ళ ముందు జరిగిన ఈ రంప పితూరీ తక్కువమందికి తెలుసు. అది గొలుగొండ కొండలకీ, భద్రాచలం వైపుకీ పాకింది. అణచడానికి మద్రాసు నుంచి సైన్యం దిగాల్సొచ్చింది. దానికి ఇంకా కారణాలున్నాయి, కానీ చెట్టు మీద పన్ను అందులో ముఖ్యమైనది. అంటే కొండవాడి సారాకి స్కాట్లండు చట్టం తలుపు తీస్తే, ఇక్కడి చట్టం గొళ్ళెం పెట్టింది. రెండు చోట్లా పాలకుడు ఒకడే కావడం గమనించాలి.

1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. దాని వెనకున్న ఆలోచన, వందల చిన్న బట్టీలని కాపలా కాయడం కన్నా ఒకటి రెండు పెద్ద డిస్టిలరీల గేటు దగ్గర నిలబడటం తేలిక. సామర్లకోటలో డెక్కన్ షుగర్ అండ్ అబ్కారీ కంపెనీ పేరు చూడండి, పంచదారా అబ్కారీ పక్కపక్కనే. చెరకులోంచి పంచదార తీశాక మిగిలే మొలాసిస్ మడ్డి ముడిసరుకు. ఇప్పపువ్వు, ఊరి కుండ, ఆ ఊరి చెయ్యి - మూడూ లెక్కలోంచి పోయాయి. మిగిలిన కొలతలు రెండే: బలం ఎంత, పన్ను ఎంత. దుకాణాల హక్కు ఏటేటా వేలం. ఈ ఏడు పాడుకున్నవాడికి వచ్చే ఏడు కొట్టు ఉంటుందో లేదో తెలీదు. వాడు పీపాలో పోసి మూడేళ్ళు ఎందుకు ఆగుతాడు? ఈ రోజు వచ్చింది ఈ రోజే అమ్మాలి. మన సారాకి పీపా లేకపోవడం మనవాళ్ళకి ఓపిక లేక కాదు. ఏడాది పాటు ఆవకాయని జాడీలో దాచి, వాసెన కట్టి, తడి చెయ్యి తగలకుండా కాపాడుకునే జాతికి నిలవ గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నిలవ ఉంచడానికి చట్టంలో చోటు లేదు, అంతే.

తర్వాత చరిత్ర అంతా వేలానికీ నిషేధానికీ మధ్య లోలకం. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలంలో నిషేధం మొదలెట్టింది, మరుసటేడు చిత్తూరు, కడప. 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా. 1954లో ప్రకాశం పంతులుగారి ఆంధ్ర ప్రభుత్వం పడిపోయింది కూడా నిషేధం గొడవ మీదే. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. 2019 అక్టోబరు నుంచి ఐదేళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో షాపులు ప్రభుత్వమే నడిపింది, 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటుకిచ్చారు. ఇన్ని మలుపుల్లోనూ ఒక్కసారి కూడా "ఇది ఎలా కాస్తున్నారు, ఎంతకాలం నిలవ ఉంది" అన్న ప్రశ్న రాలేదు. ఎంత వస్తుంది, ఎవరు అమ్మాలి అన్నదే.

ఇక్కడ కొందరు మిత్రులకి కోపం రావచ్చు. దూబగుంట రోసమ్మ అడిగింది మంచి పీపా కాదు, మొగుడి కూలిడబ్బులు ఇంటికి రావాలని. నూటికి నూరుపాళ్ళూ నిజం. సారా ఇళ్ళు కూల్చింది, ఇప్పటికీ కూలుస్తోంది. దాన్ని అందంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. కానీ స్కాట్లండు కూడా తాగి తూలిన దేశమే, అక్కడి నిలవ చట్టం పుట్టింది ఆ తూలుడులోంచే. పచ్చి సరుకుని చవగ్గా, వెంటనే, గడప దగ్గరకి తెచ్చి ఇవ్వడం ఆపితే తాగుడూ కొంత తగ్గుతుంది, సరుకూ మెరుగవుతుందని వాళ్ళు కనిపెట్టారు. మన దగ్గర ప్యాకెట్ల పథకం సరిగ్గా దానికి ఉల్టా. ఆదాయం కోసం ప్యాకెట్టు, ఆడవాళ్ళు తిరగబడితే నిషేధం. రెంటికీ మధ్య ఇంకో దారి ఉండొచ్చని ఎవరూ వెతకలేదు.

ఆ ఖాళీలో పెరిగిందే మన ‘విస్కీ’. 1830లో ఏనియాస్ కాఫీ అనే ఆయన నిరంతరాయంగా కాచే కాలమ్ స్టిల్‌కి పేటెంటు తీసుకున్నాడు. ఆయన ఐర్లండులో ఎక్సైజు అధికారిగా పనిచేసినవాడే! ఆ యంత్రం రుచి మొత్తం లాగేసి దాదాపు శుద్ధ ఆల్కహాలు ఇస్తుంది. మొలాసిస్‌ని అలాంటి యంత్రంలో కాచి, రంగూ వాసనా కొంచెం మాల్టూ కలిపితే మన బారుల్లో దొరికే చవకరకం విస్కీ. ధాన్యంతో చెయ్యలేదు కాబట్టి యూరపులో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. అంటే మనం పారేసుకున్నది మన ఇప్పసారా, తెచ్చుకున్నది వాళ్ళ విస్కీ పేరు మాత్రమే.

అయితే దారి పూర్తిగా మూసుకుపోలేదు. బెంగళూరు అమృత్ డిస్టిలరీవాళ్ళు 2004లో తమ సింగిల్ మాల్ట్‌ని ఏకంగా గ్లాస్గోలో విడుదల చేశారు. 2010లో జిమ్ మరే పుస్తకంలో వాళ్ళ ఫ్యూజన్ ప్రపంచంలో మూడో స్థానం కొట్టింది. మన ఎండలో లెక్క వేరు. స్కాట్లండులో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరవుతుంది, బెంగళూరులో 10కి పైనే. 500 లీటర్లు పోసి పన్నెండేళ్ళు ఆగితే అక్కడ 390 లీటర్ల పైచిలుకు మిగులుతుంది, 10 శాతం చొప్పున ఇక్కడ 140 మాత్రమే. కానీ వేడికి చెక్కలోంచి రుచి త్వరగా దిగుతుంది కాబట్టి నాలుగైదేళ్ళు చాలు. అంచేత ‘12 ఏళ్ళు’ అన్న అంకె స్కాట్లండు చలిలో పుట్టిన యూనిటు, ఇక్కడికి నేరుగా కాపీ పేస్టు కాదు.

ఇంకో మాట. మన చిత్తూరు జిల్లాలోనే ఒక చిన్న డిస్టిలరీ కలబందలాంటి అగావె మొక్క నుంచీ, ఇప్పపువ్వు నుంచీ చట్టబద్ధంగా సారా కాస్తోంది. దాని ఇప్పపువ్వు సరుకు 2018లో మొదట అమ్మకానికొచ్చింది గోవాలో. గోవా తన జీడిమామిడి ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం గిరిజన సంఘాలు కాచే ఇప్పసారాకి ‘వారసత్వ మద్యం’ అని పేరుపెట్టి అనుమతులిచ్చింది. 1823లో జార్జ్ స్మిత్‌కి దొరికిన తలుపు దాదాపు రెండొందల ఏళ్ళు ఆలస్యంగా అక్కడ కొద్దిగా తెరుచుకుంది. రంప పితూరీ జరిగిన మన కొండల్లో మాత్రం ఇప్పసారా అంటే ఇప్పటికీ ఎక్సైజు దాడే.

కాబట్టి మిత్రులారా, ఈసారి డ్యూటీ ఫ్రీలో షెర్రీ కాస్క్ సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు రెండు చూడండి. ఒకటి, పూర్తికాలం షెర్రీ పీపాలో ఉందా, లేక చివరి కొన్ని నెలలు మాత్రం అందులోకి మార్చి ‘ఫినిష్’ అన్నారా. రెండూ ఒకటి కావు, ధర మాత్రం రెంటికీ బాదుతారు. రెండు, సహజమైన రంగు అని రాశారా లేదా. ఇక మూడోది సీసా మీద ఉండదు. ఆ పన్నెండేళ్ళూ దాన్ని కదలకుండా కూర్చోనిచ్చిన చట్టం. మన్యంలో కాచే ఆ తెల్ల సరుకుకి అలాంటి చట్టం ఒక్కటి 1886లో దక్కి ఉంటే ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడైనా ఒక ఐదేళ్ళు పీపాలో ఉంచి చూడనిస్తే తెలుస్తుంది.